మా ఊరికి ఎప్పుడొస్తారు?

పెళ్ళిలోనో, రైల్లోనో కొత్తవాళ్ళు పరిచయమైతే ముందుగా అడిగేది "మీదే ఊరండీ?" అనే కదా! నేను "బాపులపాడు" అంటాను. ఆవిడ మొహంలో ఏ కదలికా ఉండదు. "హనుమాన్ జంక్షన్ అండీ" అంటే, "ఆఁ, హైవే మీద వస్తుంది" అని తల ఊపుతుంది. "నూజివీడు దగ్గర" అనగానే మాత్రం కళ్ళు ఇంతవుతాయి. "మామిడిపళ్ళ నూజివీడేనా! ఎప్పుడొస్తే బాగుంటుందండీ మీ ఊరు?"

ఈ ఇంటికి కోడలిగా వచ్చి ఇరవై నాలుగేళ్ళయింది. ఇప్పటికీ ఈ ప్రశ్నకు తడుముకోకుండా జవాబు చెప్పలేను. ఎందుకంటే మా దగ్గర మనిషికి సుఖంగా ఉండే కాలం వేరు, పండు దొరికే కాలం వేరు. ఆ రెండూ ఏనాడూ కలిసి రావు. చల్లగా ఉన్నప్పుడు వస్తే చెట్టున ఆకులే చూస్తారు. పండుకోసం వస్తే ఎండలో మాడతారు. మీకేది కావాలో ముందు మీరే తేల్చుకోవాలి.

సుఖంగా తిరగాలనుకునే వాళ్ళకు డిసెంబరు, జనవరి నెలలు. రాత్రిళ్ళు పద్దెనిమిది, పంతొమ్మిది డిగ్రీలకు దిగుతుంది. మాకు అదే పెద్ద చలి! మా అత్తగారు చెవులకు మఫ్లరు చుట్టుకుంటారు. పొద్దున్నే పొలాల మీద మంచు తెరకట్టినట్టుంటుంది. ఒక్కోరోజు ఆ మంచుకు గన్నవరంలో విమానాలు కూడా దిగలేక ఆలస్యమవుతాయి. సంక్రాంతికి అరిసెలు, పందిట్లో గొబ్బెమ్మలు, తంపటేసిన తేగలు, మగవాళ్ళకు చుట్టుపక్కల ఊళ్ళలో కోడిపందేలు (వద్దన్నా వింటారా!). రథసప్తమికి ఆగిరిపల్లి శోభనాచలస్వామి తిరునాళ్ళు. కొల్లేటి పక్షుల్ని చూడాలన్నా ఈ రోజులే మంచివి. కైకలూరు దగ్గర ఆటపాకలో గూడకొంగలు చెట్ల మీద గుంపులు గుంపులుగా ఉంటాయి. పిల్లలకు భలే సరదా. మా జంక్షన్ నుంచి పొద్దున్నే బయలుదేరితే మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చేయవచ్చు.

అన్నీ ఉన్నాయి గానీ, ఆ రోజుల్లో మామిడి తోటలోకి వెళితే చూడటానికి పూతే. అదీ దగ్గర్నించి చూస్తే గానీ కనపడనంత చిన్న పువ్వు. కానీ రైతు ప్రాణమంతా అక్కడే ఉంటుంది. చలి సరిగ్గా పడితేనే పూత బాగా వస్తుంది. వచ్చిన పూత మీద మబ్బు కమ్మినా, మంచు విడవకుండా కురిసినా బూడిద తెగులు పడుతుంది, తేనెమంచు పురుగు చేరుతుంది. ఆకుల మీద జిగురు కారి, చెట్టు కింద నడిస్తే చెప్పులు అతుక్కుంటాయి. అతిథులు "అబ్బ, ఎంత హాయిగా ఉందండీ మంచు!" అంటుంటే మా మామయ్యగారు మాత్రం ఆకాశం వంక చూస్తూ పలక్కుండా కూర్చుంటారు. ఇలాంటి చోట్ల ఒకరికి హాయి అయింది మరొకరికి బెంగ.

వానాకాలం గురించి పెద్దగా చెప్పను. ఏడాదికి మాకు సుమారు వెయ్యి మిల్లీమీటర్ల వాన, అందులో ఎక్కువ భాగం జూన్ చివరి నుంచి అక్టోబరు లోపే. వరినాట్లప్పుడు పచ్చగా కంటికింపుగా ఉంటుంది, నేరేడుపళ్ళు, ఆ తర్వాత సీతాఫలాలు వస్తాయి. కాకపోతే ప్రయాణాలకు భరోసా లేదు. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి విజయవాడలో సగం ఊరు నీళ్ళలో ఉన్నప్పుడు ఎన్నో రైళ్ళు ఆగిపోయాయి. మా ఇంటికి పెళ్ళిచూపులకు రావలసిన వాళ్ళు రాలేక, ఆ సంబంధం అలాగే తప్పిపోయింది. అక్టోబరు, నవంబరు వస్తే తుఫాన్ల భయం. 2025 అక్టోబరు 28న మొంథా తుఫాను తీరం దాటిన రాత్రి మేమెవరం కన్ను మూయలేదు. టిక్కెట్లు కొనేవాళ్ళు ఆ రెండు నెలలూ వదిలేయడమే మంచిది.

ఇక వేసవి. దీని గురించి తీరిగ్గా చెప్పాలి.

ఉగాది పచ్చట్లోకి లేతకాయ దొరుకుతుంది. ఏప్రిల్ మొదటి వారంలోనే రోడ్డు పక్క పసుపుపచ్చని పళ్ళు గుట్టలు పోసి అమ్ముతారు. వాటిని చూసి మోసపోకండి. ముదరని కాయను కోసి మందుపెట్టి పండించినవే చాలావరకు. పైన రంగుంటుంది, లోపల పులుపుంటుంది. చెట్టున నిజంగా ముదిరిన కాయ ఏప్రిల్ మూడో వారం నుంచి వస్తుంది. ముందు బంగినపల్లి, చిన్నరసాలు. మే నెల సగమయ్యేసరికి పెద్దరసాలు. ఆ తర్వాత ఇమాం పసందు, ఆఖర్న కలెక్టరు కాయ. ఇవిగాక ఒక్కో తోటలో ఒకటో రెండో చెట్లుగా పంచదార కలశం, చెరకు రసం, పచ్చడికి జలాలు. బంగినపల్లికి 2017లో ప్రభుత్వం వారి భౌగోళిక గుర్తింపు వచ్చింది. మంచిదే గానీ, మా వైపు ఆడవాళ్ళ ఓటు రసాలకే. పెరుగన్నంలో పెద్దరసం పిండుకుని తిన్నవాళ్ళు బంగినపల్లి ముక్కల జోలికి పోరు.

కాయ కోయడం కూడా చూసి తీరాలి. తెల్లవారుజామున, ఎండ రాకముందే మొదలుపెడతారు. పొడుగాటి గడకు చిక్కం కట్టి, ఒక్కో కాయనూ ముచ్చికతో సహా కోస్తారు. ముచ్చిక ఊడితే సొన కారి కాయ మీద మచ్చ పడుతుంది, మచ్చపడ్డ కాయకు నున్న మార్కెట్‌లో ధర ఉండదు. ఇంట్లోకి ఉంచుకున్నవి గదిలో ఎండుగడ్డి పరచి, దాని మీద వరసగా పేర్చి, పైన మళ్ళీ గడ్డి కప్పుతాం. అయిదారు రోజులకు తలుపు తీస్తే చాలు, వాసన వీధిదాకా వస్తుంది. పండును తినేముందు బకెట్టు నీళ్ళలో గంటసేపు నానెయ్యండి. ముచ్చిక దగ్గర కోసి మొదటి చుక్కలు పిండి పారేశాకే నోట్లో పెట్టుకోండి. లేకపోతే పెదాల చివర పొక్కుతుంది, పెళ్ళివారింటికి వెళ్ళేవాళ్ళు మరీ జాగ్రత్త!

ఇదంతా బాగానే ఉంది, మరి ఎండ? దాచడమెందుకు, భయంకరంగానే ఉంటుంది. నలభై అయిదు దాటిన రోజులు చూశాం. రోహిణీ కార్తెలో రోళ్ళు పగులుతాయన్నది ఊరికే అన్నమాట కాదు. 2003లో, మళ్ళీ 2015 మే నెలాఖరులో మన రాష్ట్రంలో వడదెబ్బకు వెయ్యిమందికి పైగా పోయారు. చాలామంది పొలం పనివాళ్ళు, పెద్దవాళ్ళు. కాబట్టి ఏడాది లోపు పసిపిల్లలతో, గుండెజబ్బున్న పెద్దవాళ్ళతో మే నెలలో రమ్మని నేను ఎవరికీ చెప్పను. మిగతావాళ్ళు వస్తే మా ఊరి పద్ధతిలో ఉండాలి. అయిదింటికి లేవడం, తొమ్మిదిలోపు తోట చూసుకుని ఇంటికి చేరడం, పల్చటి మజ్జిగలో ఉప్పు, నిమ్మరసం కలుపుకుని రెండు గ్లాసులు తాగడం, పగలంతా తలుపులు మూసుకుని పడుకోవడం, మళ్ళీ అయిదు దాటాకే గుమ్మం దిగడం. నైలెక్సు చీరలు పెట్టెలోనే ఉంచండి, నూలుచీరలు కట్టుకోండి. సాయంత్రాలు ఈదురుగాలి లేచి కరెంటు తీగలు తెగుతాయి, విసనకర్ర దగ్గరుంచుకోండి.

అసలు ఈ రోజులు ఎంచుకోవడం ఎంత కష్టమో పోయిన వేసవిలో తెలిసింది.

మా వదిన, అంటే మావారి అక్కయ్య, అమెరికాలో నెబ్రాస్కా రాష్ట్రంలో లింకన్ అనే ఊళ్ళో ఉంటుంది. అది ఆ రాష్ట్రానికి రాజధాని అయినా మన విజయవాడంత సందడి ఉండదట. ఊరు దాటితే కొండా కోనా లేని చదును నేల, కనుచూపు మేర గడ్డి, మొక్కజొన్న, సోయా. పదిహేనేళ్ళుగా వదిన డిసెంబరులోనే వస్తోంది. పిల్లలకు క్రిస్మసు సెలవులు, ఇక్కడ చలి. వాళ్ళకు ఎండ పడదని భయం. అందువల్ల ఆ పిల్లలిద్దరికీ తాతయ్య తోట అంటే పచ్చటి ఆకులు, పురుగుమందు వాసన, అంతే. పెద్దవాడికి పదిహేనేళ్ళు, చిన్నదానికి పదకొండు. చెట్టున వేలాడే మామిడిపండును ఒక్కసారి చూడలేదు.

2025 జనవరిలో మామయ్యగారు ఫోను తీసుకుని, "ఈ ఏడు కాపు అయ్యాక తోట కొట్టించేస్తున్నానమ్మా. ఒక్కసారి పిల్లల్ని తీసుకుని ఎండాకాలం రా" అన్నారు. వదినకు కాసేపు మాట రాలేదు.

ఆ తోట కథ కొంచెం చెప్పాలి. 1977 నవంబరులో దివిసీమ ఉప్పెన వచ్చినప్పుడు వీచిన గాలికి మా పాత తోటలో చెట్లు సగం వేళ్ళతో లేచి పడిపోయాయట. మామయ్యగారికి అప్పుడు ముప్ఫై ఏళ్ళు. మరుసటి ఏడు నాలుగెకరాల్లోనూ కొత్తగా అంట్లు నాటారు. నలభై ఏడేళ్ళు దాన్ని చూసుకుంటూ బతికారు. ఇప్పుడు కాపు తగ్గింది. పూత ఒక ఏడు ఆలస్యంగా వస్తే, మరో ఏడు వచ్చిందంతా రాలిపోతోంది. మందుల ఖర్చు, కూలీలు, చివరికి గుత్తకు తీసుకునేవాళ్ళు కూడా వెనకాడుతున్నారు. మా చుట్టుపక్కల ఎన్నో మామిడి తోటలు పోయి పామాయిలు తోటలయ్యాయి. మావారూ అదే వేద్దామన్నారు. నాకు మనసొప్పలేదు గానీ, ఇంటి లెక్కల పుస్తకం రాసేది నేనే కనుక నోరెత్తలేదు.

వదినకు చిక్కేమిటంటే, అక్కడ స్కూళ్ళు మే నెల ఇరవై దాటితే గానీ మూయరు. పెద్దవాడికి పరీక్షలు. ముందే తీసుకొచ్చేయమంటే అన్నయ్యగారు ఒప్పుకోలేదు. మా లెక్క ఏమిటంటే, రోహిణీ కార్తె మే 25న వస్తుంది, జూన్ 7 దాకా ఎండలే, తొలకరి మృగశిరలో గానీ రాదు. కనుక మే 26న దిగినా రెండు వారాలు చేతిలో ఉంటాయి, పెద్దరసాలు కనీసం ఒక కోతైనా మిగులుతాయి. మామయ్యగారు గుత్తదారుతో మాట్లాడి, బోరు పక్కనున్న రెండు పెద్దరసం చెట్లను కోయకుండా ఉంచమన్నారు. వాటికి రావలసిన డబ్బు వదిలేసుకున్నారు. మావారికి అది కొంచెం బాధే, అయినా ఏమీ అనలేదు.

కార్తెలు మనం అనుకున్నట్టే నడవాలని ఎక్కడుంది! ఆ ఏడు నైరుతి ఋతుపవనాలు మే 24నే కేరళ తాకాయి. మామూలుగా జూన్ 1న రావాలి. 26 నాటికి మన రాష్ట్రంలోనూ కాలుపెట్టాయని వార్తల్లో చెప్పారు. వదినవాళ్ళు గన్నవరంలో దిగేసరికి ఆకాశమంతా మబ్బు. దానికి వారం ముందే ఒక సాయంత్రం ఈదురుగాలి వచ్చి, ఆ రెండు చెట్ల కాయల్లో సగానికి పైగా రాల్చేసింది. రాలిన కాయలన్నీ నేను ముక్కల మాగాయ పెట్టేశాను, పారేయలేక.

వాన పడితే మామిడికి ఏమవుతుందో తెలియని వాళ్ళకోసం చెబుతున్నాను. తొలివాన తరవాత పండు ఈగ విజృంభిస్తుంది. ముదిరిన కాయ తొక్కకు సూదిలాంటిదానితో గుచ్చి లోపల గుడ్లు పెడుతుంది. పైకి పండు శుభ్రంగానే ఉంటుంది, కోస్తే లోపల తెల్లటి పురుగులు. అందుకే మా వైపు పెద్దవాళ్ళు వానపడ్డ పండును కొరుక్కు తిననివ్వరు, కోసి చూసుకోవాలంటారు. తీపి కూడా పల్చబడుతుంది. బయటి ఊళ్ళ వాళ్ళు జూన్‌లో చవగ్గా వచ్చాయని బుట్టలకొద్దీ కొనుక్కెళ్ళి, తరవాత "మీ నూజివీడు కాయ ఏం బాగుందండీ" అంటారు. అది కాయ తప్పు కాదు కదా!

మర్నాడు పొద్దున్నే అందరం తోటకు వెళ్ళాం. సన్నగా చినుకులు. ఎండకు భయపడి వదిన తెచ్చిన టోపీలు, క్రీములు, నల్లకళ్ళజోళ్ళు ఇంట్లోనే ఉండిపోయాయి. మామయ్యగారు చిక్కం పట్టుకుని నిలబడితే, చినబాబుగారి అమ్మాయి లాగా (అలాగే పిలుస్తారు మా పాలేరు) చిన్నది ఆయన వెనకాలే నిలబడింది. మొదటి కాయ కోసింది. అరచేతిలో పెట్టుకుని, "ఇది వేడిగా లేదేం తాతయ్యా?" అంది. చెట్టున పండు ఎండకు వెచ్చగా ఉంటుందని వదిన వాళ్ళకు ఎప్పుడో చెప్పిందట. మామయ్యగారు "వాన కదమ్మా" అన్నారు, అంతే.

రెండు చెట్లకూ కలిపి అరవై కాయలు కూడా దొరకలేదు. గడ్డిలో వేసి పండాక కోస్తే మూడో వంతు పురుగు. మిగిలిన వాటిని కోసుకుని, చూసుకుని తిన్నాం. పెద్దవాడు ఒక్కో చెక్క తీసుకుని వెలుతురులో పెట్టి పరీక్షచేసి మరీ తినేవాడు, డాక్టరులాగా. కానీ చిన్నదానికి పండుకన్నా వానలో తోట నచ్చింది. మట్టిలో చెప్పుల్లేకుండా తిరిగింది. రాలిన టెంకలు ఏరి, కడిగి, అరుగుమీద ఆరబెట్టింది. పెద్దరసం రుచి వాళ్ళకు సరిగ్గా తెలిసిందని నేననుకోను. పదిరోజులు ముందు వచ్చి ఉంటే ఆ పండు వేరు. అయితే పదిరోజులు ముందు ఎండ నలభై దాటింది, ఆ పిల్ల అలా చెప్పుల్లేకుండా తిరిగేదీ కాదు.

వదిన వెళ్ళే ముందురోజు రాత్రి అరుగుమీద కూర్చుని వాళ్ళ ఊరి సంగతులు చెప్పింది. అక్కడికి వచ్చే తల్లిదండ్రులు కూడా ఇదే ప్రశ్న అడుగుతారట, ఎప్పుడు రమ్మంటారని. జనవరిలో రాత్రిళ్ళు సున్నాకు కింద పది డిగ్రీలు మామూలు, కొన్ని రోజులు ఇరవై దాకా కూడా దిగుతుంది. తలుపు తీస్తే ముక్కులో తడి గడ్డకడుతుందట. ఏప్రిల్ నుంచి జూన్ దాకా సుడిగాలులు. సైరను మోగితే నేలమాళిగలోకి పరిగెత్తాలి. 2024 ఏప్రిల్ 26న లింకన్, ఒమాహా ఊళ్ళ పక్కనుంచే టోర్నడోలు వెళ్ళి ఎన్నో ఇళ్ళు నేలమట్టం చేశాయి. సుఖంగా ఉండాలంటే సెప్టెంబరులో రావాలని అందరికీ చెబుతారట.

"మరి మీరేం చెబుతారు వదినా?" అన్నాను.

"నేనైతే మార్చిలో రమ్మంటానే" అంది. ఆ నెలలో చలి ఇంకా పోదు, చెట్లకు ఆకుండదు, మంచు కూడా పడవచ్చు. కానీ లింకన్ నుంచి కారులో రెండు గంటలు వెళితే ప్లాట్ అనే నది ఉంది. దక్షిణం నుంచి ఉత్తరానికి పోతూ సాండ్‌హిల్ క్రేన్ అనే పెద్ద పెద్ద కొంగలు ఆ నదిలో దిగుతాయి. వందలూ వేలూ కాదు, అయిదారు లక్షలకు పైనే. పగలంతా కోసేసిన మొక్కజొన్న చేలల్లో రాలిన గింజలు ఏరుకుతిని, సాయంత్రానికి మోకాలి లోతు నీళ్ళలో నిలబడి నిద్రపోతాయి. తెల్లవారగానే అన్నీ ఒక్కసారి లేస్తే ఆ అరుపులకు మాట వినపడదట. ఏప్రిల్ రెండో వారానికి ఒక్కటీ ఉండదు. "సెప్టెంబరులో వస్తే ఎండా చలీ ఏమీ ఉండదు, చూసేదీ ఏమీ ఉండదు" అని నవ్వింది.

ఆషాఢంలో తోట కొట్టించేశారు. బోరు పక్కన ఆ రెండు చెట్లు మాత్రం ఉంచారు. మిగతా నేలలో పామాయిలు మొక్కలు పెట్టారు.

ఇంతకీ మీరు రావాలంటే నా సలహా: మే 5కూ 20కీ మధ్య పెట్టుకోండి. ఈదురుగాలుల్లో ఎన్ని రాలినా ఆ రోజుల్లో రసాలు దొరుకుతాయి, తొలకరి భయం తక్కువ. టిక్కెట్టు ముందే కొన్నా, బయలుదేరే ముందు వారం వాతావరణం వార్తలు చూసుకోండి. రైల్లో వచ్చేవాళ్ళు "నూజివీడు" స్టేషనులో దిగితే నూజివీడులోనే దిగామనుకుంటారు. కాదు, ఆ స్టేషను ఉన్నది మా జంక్షన్‌లో. అసలు నూజివీడు అక్కడికి పదిహేను ఇరవై కిలోమీటర్లు. జిల్లా కూడా వేరైంది, 2022 ఏప్రిల్‌లో నూజివీడును ఏలూరులో కలిపారు, మేము కృష్ణాలోనే ఉండిపోయాం. ఆటోవాళ్ళు అడిగినంత ఇవ్వకండి, జంక్షన్ నుంచి బస్సులుంటాయి. 2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రం ఆడవాళ్ళకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టిక్కెట్టు లేదు, ఆధార్ కార్డు చేతిలో పెట్టుకుంటే సరి. పళ్ళు రోడ్డు పక్క కాకుండా తోట దగ్గరే కొనండి. కాయగా కొనుక్కెళ్ళి ఇంట్లో గడ్డిలో వేసుకుంటే ఇంకా మంచిది.

మామయ్యగారికి డెబ్బై ఎనిమిది. అమెరికా ఎన్నిసార్లు రమ్మన్నా ఎప్పుడూ కదల్లేదు. డిసెంబరులో పూత అనేవారు, మార్చిలో పిందెకు కాపలా అనేవారు, మేలో కోత, వానల్లో ఎరువులు. వదిన ఈసారి కూడా ఫోనులో అడిగింది. ఆయన కాసేపు ఊరుకుని, "మార్చిలో మీ దగ్గర చలి ఎంతుంటుందన్నావమ్మా?" అన్నారు.